పాట్రిక్ సారు పాము మంత్రం

మీరు ఏ ముచ్చటన్నా మొదలుపెట్టుండ్రి, దాన్ని తీస్కపోయి సెయింట్ పాట్రిక్ కాడ కట్టేసేదాక మా జయానందం సారుకు పానం నిమ్మళం కాదు. ఎండ మండిపోతుందంటె ఐర్లాండ్ వానల కాడికి పోతడు. పశువులకు మేత లేదంటె ఐర్లాండ్ పచ్చగడ్డి కాడికి పోతడు. ఒకసారి పంచర్ దుకాణం కాడ ఒకాయన, "ఎనక టైరు పోయింది సార్, ఇంటికెట్ల పోవాలె" అని పరేషానైతుండు. "నీది టైరే పోయింది నాయనా, పాట్రిక్‌కైతె దేశమే పోయింది. పదారేండ్ల పిలగాన్ని సముద్రపు దొంగలు పడవల ఏస్కపోయిండ్రు..." అని అందుకున్నడు సారు. పంచర్ అతికింది, గాలి నిండింది, టైరు ఎక్కింది, ఆయన ఇంటికి పోయిండు. పాట్రిక్ మాత్రం ఇంక పడవలనే ఉన్నడు.

నా పేరు మోహసిన్. మెదక్ చౌరస్తా కాడ ఫ్లెక్సీల దుకాణం నాది. ఊర్ల ఎవరు పుట్టినా, పోయినా, గెలిచినా, ఓడినా నా మిషన్ల పడి బయటికి రావాల్సిందే. సారు ఇల్లు నా దుకాణం ఎనక గల్లీలనే. కరెంటాఫీసుల లైన్ ఇన్‌స్పెక్టర్‌గ చేసి రిటైరైండు. నౌకరి చేసేటప్పుడు ఆయన స్తంభాల మీద ఉంటుండె, మేం నిమ్మళంగ ఉంటుంటిమి. రిటైరై కిందికి దిగిండు, మా ప్రశాంతత పైకి పోయింది.

ఈయనెక్కడ, ఐర్లాండ్ ఎక్కడ అంటరా? సారు పుట్టింది మార్చి పదిహేడు. అది సెయింట్ పాట్రిక్ దినమని అప్పటి పాస్టరు పాట్రిక్ జయానందం అని పేరు పెట్టిండు. పెట్టి ట్రాన్స్‌ఫర్ మీద ఆయన పోయిండు, ఆ పేరు తోని మేం పడుతున్నం. పాట్రిక్ అంటె మా దిక్కు ఎవరి నోరు తిరుగుతది? బళ్లె పత్రిక అన్నరు, ఆఫీసుల పత్రిక సారన్నరు. ఇప్పటికీ ఊర్లల్ల ముసలోళ్లు బస్టాండ్ల ఆపి, "సారూ, మీ పత్రికల మా బోరు ముచ్చట జర రాయుండ్రి" అంటరు. సారు కోపానికి రాడు. "రాపిస్త" అంటడు. అని, వాళ్ల బస్సు ఎల్లిపోయేదాక పాట్రిక్ కథ చెప్తడు.

మా చెల్లె నాజ్ నికాకు సారును పిలిచిన. నా బుద్ధి తక్కువ! ఖాజీ సాబ్ అన్నీ చదివి, దుల్హాతోని 'ఖబూల్ హై' అనిపియ్యబోయే ముందు కండ్లద్దాలు తుడ్సుకోనీకె జరసేపు ఆగిండు. ఆ సందుల సారు దూరిండు.

"ఖాజీ సాబ్, మీరు అయిదు పూటలు నమాజ్ చేస్తరు గదా. పాట్రిక్ గొర్లు కాసుకుంట దినాం నూరుసార్లు దువా చేసేటోడు, తెల్సా?"

ఖాజీ సాబ్ పెద్దమనిషి. "మాషా అల్లా, మస్తు మంచి మనిషి. జర ఈ పిలగాన్ని ఖబూల్ చెప్పనియ్యుండ్రి, తర్వాత ఆయన సంగతి చూద్దాం" అన్నడు. అన్న మాటకు సారు ఆయనను వదల్లే. దావత్‌ల పక్కనే కూసున్నడు. నేను బిర్యానీ తెచ్చేవరకు పాట్రిక్ గొర్లు కాస్తుండు, మళ్ల దాల్చా తెచ్చేవరకు గుడ గొర్లే కాస్తుండు.

ఆ కథ మా గల్లీల మేకలకు గుడ నోటికొచ్చు. పాట్రిక్‌ది అసలు ఐర్లాండే గాదు, బ్రిటన్. దొంగలు ఎత్తుకపోయి ఐర్లాండ్‌ల అమ్మిండ్రు. ఆరేండ్లు గొర్లు కాసి, ఆకలికి ఎండి, చలికి వణికి, కలల ఒక గొంతు 'లే, పో' అంటె పారిపోయి ఇల్లు చేరిండు. ఇంతవరకు మంచిగనే ఉంది. ఇగ ఇంట్ల కూసోని అమ్మ చేతి బువ్వ తినక, చదువుకోని, మళ్ల అదే ఐర్లాండ్‌కు పోయిండు, తనను కొన్నోళ్లకే దేవుని మాట చెప్పనీకె. ఈడికొచ్చేవరకు సారు దస్తీ తీసి కండ్లు తుడ్సుకుంటడు. మార్చి పదిహేడు పాట్రిక్ కన్నుమూసిన దినం. ఈ ముక్క చెప్పంగనే ఎవరో ఒకరు, "సచ్చిన దినం పండుగేంది సార్, దినాలు చెయ్యాలె గని" అంటరు. ఇగ సారు మళ్ల మొదటికెళ్లి అందుకుంటడు.

ఇంకోటి మెంతికూర. మూడాకుల గడ్డి చూపెట్టి పాట్రిక్ త్రిత్వం చెప్పిండంట. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురు గని ఒక్కరే. ఆ గడ్డిని అక్కడ షామ్‌రాక్ అంటరు. మెదక్‌ల షామ్‌రాక్ యాడ దొరుకుతది? సారు కూరగాయల మార్కెట్ మొత్తం తిరిగి మెంతికూర పట్టిండు. దానికి మూడాకులే. ఇగ ప్రతి మార్చి పదిహేడుకు ఆటో నిండ మెంతికూర తెచ్చి, ఇంటింటికి కట్ట ఇచ్చి త్రిత్వం చెప్తడు. ఆడోళ్లు కట్ట చేతికొచ్చేదాక మస్తు భక్తితోని ఇంటరు.

"సారూ, ఇంకో రెండు త్రిత్వాలియ్యి, చుట్టాలొచ్చిండ్రు" అంటరు.

ఆ దినం గల్లీ మొత్తం మెంతిపప్పు వాసనే. సారు భార్య లలితమ్మ ఒక్కామె వంకాయ వండుతది. "పెండ్లైన కాడికెళ్లి త్రిత్వం ఏరుతున్న భాయ్, చేతులు చేదెక్కినయ్" అన్నది నాతోని.

అందరికంటె ఎక్కువ పరేషాన్ చర్చి పాస్టరు రత్నాకర్‌ది. మార్చి పదిహేడు ఎప్పుడొచ్చినా వాళ్ల శ్రమకాలంలనే వస్తది. ఉపాసాలు, ప్రార్థనలు నడుస్తుంటయ్. సారు డప్పులు తెస్తడు.

"బ్రదర్, శ్రమకాలంల పండుగేంది?"

"అయ్యగారూ, ఐర్లాండ్‌ల ఆ ఒక్కదినం ఉపాసం సడలిస్తరు. నీసు గుడ తింటరు."

"మనది మెదక్ బ్రదర్."

"పాట్రిక్‌కు అన్ని దేశాలు ఒక్కటే అయ్యగారూ."

సారు ఇంట్ల ఆ దినం చేసే మటన్ పులావ్ వాసన ఆయన ఇంటిదాక పోతది. దైవశాస్త్రం ఎంత చదివినా ముక్కు మూసుకోరాదు గదా.

వైన్‌షాపాయన గుడ ఒకసారి వచ్చిండు. అమెరికాల ఈ పండుగకు బీర్లు తాగుతరని ఫోన్ల చూసిండంట. "సార్, బ్యానర్ ఖర్చు నాది, కింద నా షాపు పేరు పెట్టుండ్రి" అన్నడు. సారు ఎగిరిండు చూడుండ్రి! "ఐర్లాండ్‌ల ఆ దినం తాగుడు దుకాణాలు బందు వెట్టేటోళ్లు, ఏండ్ల తరబడి! గుడికి పోయెటోళ్లు! ఊరేగింపులు, తాగుడు అంత దేశం ఇడిసి పోయినోళ్లు మొదలుపెట్టిండ్రు!" అని గల్లీ చివరిదాక తరిమిండు. తరిమేటప్పుడు గుడ చరిత్ర చెప్పుకుంటనే తరిమిండు.

ఇగ అసలు ముచ్చట, పాములు. పాట్రిక్ ఐర్లాండ్‌ల పాములన్నిటిని సముద్రంలకు తోలిండని ఒక కథ. దీన్ని మాత్రం సారు మెదక్‌ల తక్కువ, ఊర్లల్ల ఎక్కువ చెప్తడు. పాపన్నపేట దిక్కు మంజీర ఒడ్డున వరిపొలాలు. అక్కడ పాముల భయం ఎక్కువ. స్కూటరేస్కోని పోతడు, నాట్ల కాడ, కల్లాల కాడ జనాన్ని నిలవెట్టి చెప్తడు. "నా కాడ పాట్రిక్ పాము మంత్రం ఉంది, కరిస్తె ముందుగాల నాకు ఫోన్ చెయ్యుండ్రి" అంటడు.

ఆయన ధైర్యం ఎంతంటె, ఒకపారి నా దుకాణంల బల్లి ఆయన భుజం మీద పడ్డది. మనిషి ఎగిరి నా ప్రింటింగ్ మిషన్ మీదికెక్కిండు. మిషన్ నడుస్తుంది. ఒక సర్పంచ్ బర్త్‌డే ఫ్లెక్సీ మీద సారు రెండు పాదాలు అచ్చు పడ్డయ్. పాములు తోలిన మహానుభావుని వారసుడు బల్లి పోయిందా లేదా అని మిషన్ మీదికెళ్లి నన్ను అడుగుతుండు.

అయినా ఫోన్లు వచ్చేటియి. మాట మధ్యల ఫోను మోగేది, సారు పాట్రిక్‌ను సముద్రం మధ్యలనే ఇడిసి స్కూటర్ స్టార్ట్ చేసేటోడు. నాటుకోడి దావత్‌లకు పిలుస్తరనుకున్న నేను. ఊరు మొత్తం గట్లనే అనుకుంది.

ఈ ఏడు సారుకు ఊరేగింపు ఘనంగ చెయ్యాలనిపిచ్చింది. ముఖ్య అతిథి శశిధర్. పాపన్నపేట దిక్కు భూములున్న పటేల్. మెదక్‌ల ఇండ్ల స్థలాల బిజినెస్, వచ్చే ఎలక్షన్ల మీద కన్ను. ఫ్లెక్సీ నా పని. సెయింట్ పాట్రిక్ ఫొటో కావాలన్నరు. నెట్‌ల ఎతికితె ఆకుపచ్చ టోపీ, ఎర్రగడ్డం ఉన్నాయన దొరికిండు, పెట్టిన.

సారు చూసి, "మోహసిన్, ఈయన చేతుల గ్లాసేంది?"

"తీర్థం కావచ్చు సార్."

"నురుగు వస్తుంది గదా!"

ఆయనను తీసేసి, గడ్డమున్న బిషప్ బొమ్మ పెట్టిన. శశిధర్ వచ్చి తన ఫొటో పెద్దగ కావాలన్నడు. పెద్దగ చేస్తె సెయింటు స్టాంపు సైజుకు వచ్చిండు. సారు దానికి ఒప్పుకున్నడు. ఒక్కదానికే కొట్లాడిండు. తన ఫోన్ నంబరు శశిధర్ తలకాయ కంటె పెద్దగ ఉండాలన్నడు. ముసలితనంల ఇదేం సోకు అనుకున్న.

మార్చి పదిహేడు. రంజాన్ నడుస్తుంది, నాకు రోజా ఉపాసం. నోరు ఎండిపోయింది, ఎండ మాడుతుంది. సారు ఆకుపచ్చ షేర్వాణి, ఆకుపచ్చ పాగ, ఆకుపచ్చ చలువద్దాలు. ఎనక డప్పులు, ఆ ఎనక మెంతికూర ఆటో. చౌరస్తాల జనం ఆగి చూస్తుండ్రు.

"ఏం పార్టీ ఇది?" అని ఒకరు.

"మీలాద్ అప్పుడే వచ్చిందా?" అని ఇంకొకరు.

"మెంతికూర పార్టీ. కట్ట ఫ్రీ" అని మూడో ఆయన.

మైకు శశిధర్ చేతికిచ్చిండ్రు. ఆయన సెయింటు గురించి రెండు ముక్కలు చెప్పాలని ఫోన్ తీసి చూసుకుంట చదవబట్టిండు. చదివి చదివి పకపక నవ్విండు. "అరె, ఇదేంది సార్! ఐర్లాండ్‌ల అసలు పాములే లేకుండెనంట! మంచు కాలం నుంచే లేవంట! లేని పాములను మీ పాట్రిక్ ఎట్ల తోలిండు? నేను గుడ మెదక్‌ల సింహాలను తోలిన, రాసుకోండ్రి!"

చౌరస్తా గొల్లుమన్నది. నేను గుడ నవ్విన; రోజాల ఉన్నా నవ్వుకు అడ్డం లేదు గదా. సారు నవ్వలే. మొఖం పాలిపోయింది. శశిధర్ చెయ్యి పట్టుకోని, "గా మాట మైకుల వద్దు శశిధర్, నీ కాళ్లు మొక్కుత. ఊర్లల్లకు పోతది" అని బతిమిలాడుతుండు. ఇజ్జత్ పోతుందని భయం అనుకున్న నేను.

గప్పుడే శశిధర్ ఫోన్ మోగింది. నవ్వుల ఆయన స్పీకర్ ఒత్తిండు, ఫోన్ మైకు పక్కనే ఉంది. పొలం కాడి జీతగాని గొంతు చౌరస్తా మొత్తానికి ఇనబడ్డది.

"పటేలా! ఇందిరమ్మను పాము కరిచింది! గడ్డివాము కాడ! రక్తపింజర!"

నవ్వులు బందైనయ్. ఇందిరమ్మ అంటె శశిధర్ వాళ్లమ్మ. పొలం కాడి ఇంట్లనే ఉంటది, పట్నం గాలి పడదని.

"దవాఖానకు తీస్కపోండ్రి రా!"

"రానంటుంది పటేలా! సూదులేస్తె సచ్చిపోతరంటుంది. మంత్రమాయనను పిలిపిచ్చుకుంది. పాట్రిక్ సారు వచ్చి మంచిదంటెనే కదులుతదంట."

శశిధర్ ఫోన్ పట్టుకోని సారు దిక్కు చూసిండు. గంత నవ్విన మనిషి అంత తొందరగ చిన్నగైంది నేను ఎన్నడు చూడలే. సారు ఆ ఫోన్ గుంజుకున్నడు. "అమ్మను పండబెట్టుండ్రి. నడిపియ్యద్దు. కాలు కదలద్దు. నేనొస్తున్న" అన్నడు. డప్పులు, మెంతికూర, నా ఫ్లెక్సీ అన్నీ చౌరస్తాల ఇడిసి ముగ్గురం శశిధర్ కారెక్కినం.

తొవ్వ పొడుగున సారు పాట్రిక్ పేరెత్తలే. అది చూసి నాకు భయమైంది. పొలం దగ్గర పడ్డంక ఒక్కటే మాట అన్నడు.

"శశిధర్, మీ అమ్మ ముందర నేనేం జేసినా అడ్డం రావద్దు. ఏం అడిగినా అవునను."

ఇందిరమ్మ మంచం మీద పండుకోని ఉంది. కాలు ఉబ్బి నల్లబడుతుంది, నోరు మాత్రం మంచిగనే నడుస్తుంది. "ఏం సారూ, పెండ్లికొడుకు లెక్క వచ్చినవ్?" అన్నది. పక్కన మంత్రమాయన నిమ్మకాయ, ఏపమండ, బ్లేడు పట్టుకోని ఉన్నడు. కరిచిన కాడ కోసి రక్తం తీస్తడంట.

సారు చలువద్దాలు తీసి, మంత్రమాయనకు దండం పెట్టిండు. "పెద్దాయనా, మొదటి సగం మంత్రం మీరు మంచిగ చదివిండ్రు, బయటికే ఇనబడ్డది. రెండో సగం నాది. గని ఇనుము ఉంటె పాట్రిక్ రాడు. ఆ బ్లేడు నాకియ్యుండ్రి." మర్యాదకు మంత్రమాయన ఛాతి ఉబ్బింది, బ్లేడు చేతికొచ్చింది. పక్కన గిన్నెల ఆకు పసరుంది. "పసరు పాట్రిక్‌కు పడది" అని గిన్నె అవతల పారబోసిండు. మూలకున్న చెక్క బద్ద తీసి కాలు పక్కన పెట్టి, తన ఆకుపచ్చ పాగ ఇప్పి, మెల్లగ చుట్టిండు. "ఇది పాట్రిక్ చేతికర్ర. కాలు కదిలిందో, మంత్రం ఇరిగిపోతది."

"చదువు మరి" అన్నది ఇందిరమ్మ.

"ఈడ పనిచెయ్యది అమ్మా. రెండో సగం దవాఖాన మంచం మీదనే చదవాలె. పాట్రిక్ ఆజ్ఞ."

ఆమెకు అనుమానమొచ్చింది. కొడుకు దిక్కు తిరిగింది. "శశీ, నువ్వు సదువుకున్నోనివి. ఈయన దేవుడు పాములను తోలింది నిజమేనా?"

శశిధర్ అమ్మ కాలు దిక్కు చూసిండు. చౌరస్తాల సింహాలను తోలిన మనిషి. "నిజమే అమ్మా. ఇప్పుడే ఫోన్ల చదివిన. ఐర్లాండ్‌ల ఒక్క పాము గుడ లేదు. మొత్తం తోలేసిండు."

"మరి నిలవడ్డవేంది, నన్నెత్తు!" అన్నది ఇందిరమ్మ.

పెద్ద దవాఖానల మంచం ఎక్కంగనే డాక్టర్ చూసి ఇంజెక్షన్ మొదలుపెట్టిచ్చిండు. సారు తలకాడ నిలవడి కండ్లు మూసుకోని గొణుగుతుండు. నేను చెవి దగ్గర పెట్టి ఇన్న. "లైన్ క్లియర్... స్విచ్ ఆఫ్... ఎర్త్ రాడ్ ఓకే... ఫేజ్ చెక్... లైన్ క్లియర్..." ఇందిరమ్మ భక్తితోని తలూపుతుంది, చేతికి సెలైన్ ఎక్కుతుంది, ఆమెకు ఆ సూది యాదిలనే లేదు.

నేను వరండాలకొచ్చిన. స్నేహలత సిస్టర్ సామాన్లు సర్దుతుంది. "మళ్ల పాట్రిక్ కేసా?" అన్నది.

"మళ్ల ఏంది సిస్టర్?"

"మీకు తెల్వదా? ఇంతకుముందు ఆ దిక్కు నుంచి పాము కరిచినోళ్లు మా కాడికి వచ్చేవరకు పసరు తాగుడైపోయేది, కోసుడైపోయేది, పానం గుడ అయిపోవచ్చేది. ఇప్పుడు చక్కగ వస్తుండ్రు, కాలుకు బద్ద కట్టుకోని. వచ్చి, 'పాట్రిక్ మంత్రం రెండో సగం ఏదమ్మా' అని అడుగుతరు. మేం ఇంజెక్షన్ చూపెడుతం." నవ్వింది. "సారు స్కూటర్ మీద తెచ్చినోళ్లే ఎంతమందో."

నాటుకోడి దావత్‌లని మేం అనుకున్నయి అవి. సారు బయటికొచ్చి పక్కన కూలవడ్డడు. షేర్వాణి చెమటకు తడిసి ఆకుపచ్చ రంగు చేతులకంటింది.

"ఇంజెక్షన్ ముచ్చట సక్కగనే చెప్పొచ్చు గద సార్, ఈ వేషాలెందుకు?"

"చెప్పిన మోహసిన్. నౌకరి చేసేటప్పుడు ఊరూరా చెప్పిన. నా లైన్‌మన్‌నే స్తంభం కాడ కరిచింది. దవాఖానకు పోదాం పా అంటె, 'మంత్రం అయినంక పోదాం సార్' అన్నడు. మంత్రం మస్తుసేపు నడిచింది." చేతులకంటిన రంగు తుడ్సుకుంట అన్నడు, "సూది అంటె ఎవరూ నమ్మలే. దూరదేశపు సామి మంత్రం అంటె నమ్మిండ్రు. గందుకే ఏటేటా డప్పు కొట్టుడు, పేరు, నంబరు యాదుండాలని. పాట్రిక్ ఎట్లైనా మంచోడు, ఏమనుకోడు."

"అయితె మీకు పాట్రిక్ అంటె నిజంగ పిచ్చి లేదా?"

సారుకు రోషమొచ్చింది. "ఎందుకు లేదు? అసలు ఆయన రెండోసారి ఐర్లాండ్‌ల అడుగుపెట్టినప్పుడు ఏమైందో నీకు తెల్సా..." అని మొదలుపెట్టిండు. ఇఫ్తార్ సైరన్ మోగి నన్ను కాపాడింది.

రెండు దినాలకు ఇందిరమ్మ లేచి కూసున్నది. నేను పండ్లు పట్టుకోని పోయిన. శశిధర్ స్టూలు మీద, సారు మంచం పక్కన.

"సారూ, ఆ పాట్రిక్ సామికి దండం పెట్టుకోని రావాలె నేను. యాడుంటది ఆయన గుడి?"

"ఐర్లాండ్‌ల అమ్మా."

"గది ఏ మండలం?"

సారు రెప్ప కొట్టకుండ, "చేగుంట దాటినంక జర లోపలికి పోవాలె అమ్మా" అన్నడు.

"బస్సు పోతదా?"

"రోడ్డు మంచిగ లేదమ్మా."

ఇందిరమ్మ మొఖం చిన్నబోయింది. అది చూసి శశిధర్ స్టూలు మీదికెళ్లి లేచిండు, అంగీ సర్దుకున్నడు.

"రోడ్డు నేనేపిస్త అమ్మా" అన్నడు.